స్టేజ్ మీద లాప్‌టాప్: వేలు నొక్కిన దగ్గర్నుంచి చెవికి చేరేదాకా

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతం కూడా లేదు. అయినా పాట రెండో చరణంలోకి వచ్చేసరికి స్ట్రింగ్స్ సౌండ్, నూనెలో ఆవాలు వేసినట్టు, చిటపటమని విరిగిపోవడం మొదలైంది. అదొక పెళ్లి రిసెప్షన్, హాల్ నిండా జనం. నేను వాయిస్తున్నది కీబోర్డ్, దాని సౌండ్ వచ్చేది లాప్‌టాప్‌లోంచి. పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, తబలా ఆయన నా మొహంలోకి చూశాడు, నేను లాప్‌టాప్ వంక చూస్తున్నాను, అందులో మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తోంది. ఎలాగో పియానో టోన్‌తో పాట పూర్తి చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిషన్ మీద లోడ్ లేదు, ర్యామ్ సగం ఖాళీ, మరి ఎందుకు విరిగింది?

దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే నాకు అర్థమైంది ఒక్కటే. స్టేజ్ మీద లాప్‌టాప్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది రెండో ప్రశ్న. ప్రతిసారీ టైముకి అందిస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. ఈ రెండూ ఒకటి కాదు. ఇప్పుడు ఆర్కెస్ట్రాల్లో, చర్చి వర్షిప్ టీముల్లో, కాలేజీ బ్యాండ్లలో చాలామంది లాప్‌టాప్ పెట్టుకుని వాయిస్తున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఈ తేడా తెలియకుండానే ఇంకా పెద్ద ప్రాసెసర్ కోసం డబ్బులు పోస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పెళ్లి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. మీరు ఆకు ముందు కూర్చున్నారు, వడ్డించేవాడు అన్నం పెట్టి వెళ్లాడు. ఆ అన్నం అయిపోయేలోపు మళ్లీ రావాలి. రాకపోతే చెయ్యి ఖాళీ ఆకు మీద ఆగిపోతుంది. లాప్‌టాప్‌లో సౌండ్ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (లాప్‌టాప్ సౌండ్‌ని బయటికి పంపే పెట్టె) మామూలుగా సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే శబ్దం చిన్న చిన్న ముక్కలు, కావాలి, కంప్యూటర్ వాటిని ఒక్కొక్కటిగా ఇవ్వదు, కొన్నిటిని కట్టగా కట్టి ఇస్తుంది. ఆ కట్ట సైజే బఫర్. బఫర్ 128 అని పెట్టారంటే 2.9 మిల్లీసెకన్లకోసారి కొత్త కట్ట తయారుగా ఉండాలి, అంటే సెకనుకి సుమారు 344 సార్లు వడ్డన జరగాలి. అందులో 343 సార్లు టైముకి వచ్చి ఒక్కసారి ఆలస్యమైనా సరే, ఆ ఒక్కసారే మీకు "టప్" అని వినిపిస్తుంది. వడ్డించేవాడు సగటున చాలా చురుకైనవాడే, కానీ ఒకసారి వంటగదిలో ఎవరో ఆపి మాట్లాడించారు, అంతే. టాస్క్ మేనేజర్ చూపించేది ఆ సగటు చురుకుదనం మాత్రమే.

అలాంటప్పుడు ఒకేసారి ఎక్కువ అన్నం పెట్టేస్తే పోతుంది కదా, వడ్డించేవాడు నెమ్మదిగా రావచ్చు? పెట్టొచ్చు. బఫర్ 512 చేస్తే 11.6 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది, చిటపటలు తగ్గుతాయి. కానీ మీరు ఇప్పుడు "చారు" అని అడిగితే ముందు ఆకులో ఉన్న పప్పన్నం అయిపోవాలి, ఆ తర్వాతే చారు. అంటే మీరు కీ నొక్కిన క్షణానికి, సౌండ్ బయటికి వచ్చే క్షణానికి మధ్య దూరం పెరుగుతుంది. దాన్నే లేటెన్సీ అంటున్నాం. స్టేజ్ మీద లాప్‌టాప్ సెటప్ అంటే ఈ రెండింటి మధ్య బేరమే.

ఎంత లేటెన్సీ వరకు పర్వాలేదు? గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు. మీ మానిటర్ బాక్స్ మూడు మీటర్ల దూరంలో ఉంటే, లాప్‌టాప్ లేకపోయినా 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటున్నారు, దానికి మన చేతులు ఎప్పుడో అలవాటు పడ్డాయి. 128 బఫర్‌తో మంచి ఇంటర్‌ఫేస్ ఉంటే, కీ నొక్కడం దగ్గర్నుంచి ఇంటర్‌ఫేస్ బయటికి వచ్చేదాకా అన్నీ కలిపి 10 మిల్లీసెకన్ల లోపే ఉంచుకోవచ్చు, అది ఎక్కువమందికి తెలియను కూడా తెలియదు. అయితే అన్ని టోన్లకీ ఒకే లెక్క కాదు. మెల్లగా పైకి లేచే స్ట్రింగ్స్‌కి 15 ఉన్నా ఇబ్బంది లేదు, పియానోకి చెయ్యి కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది, ప్యాడ్ల మీద ఢోలక్, తబలా వాయించేవాళ్లకైతే 10 దాటితే రిథమ్ జారుతున్నట్టు ఉంటుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిద్దామనుకునేవాళ్లకి ఒక మాట: వాటిలో చాలావాటికి ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది, వాటితో పాటలు వినొచ్చు, వాయించలేం.

గొంతు విషయం ఇంకా సున్నితం. మైకుని కూడా లాప్‌టాప్‌లోకి తీసుకుని, రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు మోత) వేసి, తిరిగి బయటికి పంపితే ఆలస్యం రెండుసార్లు పడుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. పాడేవాళ్లు తమ గొంతుని సగం ఎముకల ద్వారా లోపల్నుంచే వింటారు, దాని మీద ఇయర్‌ఫోన్‌లోంచి కొంచెం ఆలస్యంగా అదే గొంతు వచ్చి పడితే డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. "నా వాయిస్ ఏదో తేడాగా ఉందండీ" అని సింగర్లు అంటే అది వాళ్ల అనుమానం కాదు, నిజంగానే తేడాగా ఉంటుంది. గొంతుని నేరుగా మిక్సర్లోనే ఉంచడం మంచిది, లాప్‌టాప్ పని వాయిద్యాల వరకే.

ఇక వడ్డించేవాణ్ని వంటగదిలో ఆపేది ఎవరు? విండోస్‌లో అయితే ఎక్కువగా డ్రైవర్లే, అంటే లాప్‌టాప్‌లోని ఒక్కో పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాములు. వైఫై డ్రైవర్, బ్లూటూత్, బ్యాటరీ పొదుపు చేసే డ్రైవర్, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్, ఇవి అప్పుడప్పుడూ ప్రాసెసర్‌ని కొన్ని మిల్లీసెకన్ల పాటు పట్టేసుకుని వదలవు. సినిమా చూస్తుంటే ఆ తేడా కనపడదు, ఎందుకంటే వీడియో ప్లేయర్ దగ్గర బోలెడంత ముందే నిల్వ ఉంటుంది. మన దగ్గర ఉన్నది 3 మిల్లీసెకన్ల నిల్వ. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఏ డ్రైవర్ ఎంతసేపు ఆపుతోందో పేరుతో సహా చూపిస్తుంది. రిసెప్షన్ జరిగిన మర్నాడు దాన్ని అరగంట నడిపితే నా మిషన్‌లో దొంగ దొరికాడు: వైఫై డ్రైవర్. ముందు రోజు ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి అలాగే వదిలేశాను, వెనకాల ఏదో అప్‌డేట్ దిగుతోంది. ఇప్పుడు స్టేజ్ ఎక్కే ముందు ఫ్లైట్ మోడ్ వేయడం నాకు చెప్పులు విడిచినంత అలవాటైంది.

విండోస్ వాడేవాళ్లు పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీ పోర్టులు నిద్రపోయే సెట్టింగ్ ఆపండి, ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏషియో డ్రైవర్ వాడండి. ఏషియో అంటే స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి, విండోస్ సొంత సౌండ్ దారిలో ఉన్న ఆలస్యాన్ని పక్కకి నెట్టి ఇంటర్‌ఫేస్‌తో దాదాపు నేరుగా మాట్లాడుతుంది. మ్యాక్‌లో కోర్ ఆడియో ఆ పని ముందునుంచే చేస్తుంది, అందుకే మ్యాక్ వాళ్లకి ఈ తలనొప్పి తక్కువ. అలాగని విండోస్‌తో కుదరదనేం కాదు, నేను వాయిస్తున్నది దాని మీదే, కాకపోతే ఒక రోజు కూర్చుని శుభ్రం చేసుకోవాలి.

సీపీయూ మీటర్ గురించి ఇంకో సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక వాయిద్యం, దాని వెనక ఉన్న ఎఫెక్టులు, అన్నీ ఒకే వరసలో ఒకే కోర్ మీద నడుస్తాయి. ఎనిమిది కోర్లున్న మిషన్‌లో ఒక కోర్ నిండిపోయి మిగతా ఏడూ ఖాళీగా ఉంటే సగటు 12 శాతమే చూపిస్తుంది. కాబట్టి విండోస్ చూపించే అంకె కాకుండా మీరు వాయించే సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ఆడియో లోడ్ మీటర్ చూడండి. అది గడువులో ఎంత భాగం వాడుతున్నారో చెప్తుంది. రిహార్సల్‌లో అది 50, 60 దాటుతుంటే స్టేజ్ మీద పెడల్ తొక్కిపట్టి గట్టిగా వాయించినప్పుడు పోతుందని అర్థం.

పెడల్ మాట ఎందుకన్నానంటే అసలు బరువు అక్కడే ఉంది. రెండు చేతులతో 8 నోట్లు, పియానో, స్ట్రింగ్స్, పైన చిన్న బెల్ టోన్, మూడు లేయర్లు, అంటే ఒకేసారి మోగే శబ్దాలు 24, వీటినే వాయిస్‌లు అంటారు. పెడల్ వదలకుండా నాలుగు కార్డులు మారితే దాదాపు 96. ఒక్కో పియానో నోటుకి వెనక పెద్ద రికార్డింగ్ ఉంటుంది, దాని మొదటి ముక్క మాత్రమే ర్యామ్‌లో ఉంటుంది, మిగతాది మీరు కీ నొక్కాక డిస్క్ నుంచి వస్తూ ఉంటుంది. అందుకే ఎస్ఎస్‌డీ తప్పనిసరి. పాత తిరిగే హార్డ్‌డిస్క్ మీద ఈ రికార్డింగుల లైబ్రరీ పెట్టుకుని ఎంత ర్యామ్ వేసినా ఉపయోగం తక్కువ. స్టేజ్ మీద పియానోకి 64 వాయిస్‌ల హద్దు పెట్టినా ఆ హాల్ గోలలో ఎవరూ పట్టుకోలేరు, నేను పందెం కాస్తాను.

ఇక టోన్లు సర్దుకోవడం. పాట మారిన ప్రతిసారీ డిస్క్ నుంచి కొత్త లైబ్రరీ లోడ్ చేసే పద్ధతి పెట్టుకోకండి. మెయిన్‌స్టేజ్, గిగ్ పెర్ఫార్మర్, కాంటబైల్ లాంటివి లైవ్ కోసమే కట్టినవి, వాటిలో ముందే అన్నీ ర్యామ్‌లో పెట్టి, ఏ పాటకి కావలసినవి ఆ పాటకి తెరుచుకునేలా చేసుకోవచ్చు. మెయిన్‌స్టేజ్ మ్యాక్‌లో మాత్రమే ఉంటుంది, కాంటబైల్ విండోస్ కోసం మొదలైంది, గిగ్ పెర్ఫార్మర్ రెండింట్లోనూ ఉంటుంది. ఏబుల్టన్ లైవ్‌తో కూడా చేస్తారు, బ్యాకింగ్ ట్రాకులు ఎక్కువగా ఉంటే అదే హాయి. ముప్ఫై పాటలకి ముప్ఫై పియానోలు పెట్టుకునేవాళ్లని చూశాను. ఒకే పియానోని అన్ని పాటలకీ వాడుకుంటే ర్యామ్ మిగులుతుంది, అంతకన్నా ముఖ్యంగా లెవెల్ అన్ని పాటల్లో ఒకేలా ఉంటుంది.

లెవెల్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే సౌండ్ ఇంజనీర్లు లాప్‌టాప్ కీబోర్డ్ ప్లేయర్ల మీద విసుక్కునేది ఎక్కువగా దీనికే. ఒక టోన్ గుసగుసలాడుతుంది, దాని తర్వాతి టోన్ హాలంతా అదరగొడుతుంది. ఆయన ప్రతి పాటకీ మీ ఫేడర్ వెతుక్కోవాల్సి వస్తుంది, రెండు పాటల తర్వాత మిమ్మల్ని కిందికి లాగి వదిలేస్తాడు. ఇది ఎందుకు జరుగుతుందంటే టోన్లు మనం రాత్రిపూట గదిలో, ఇంట్లోవాళ్లు లేవకుండా, చిన్న వాల్యూమ్‌లో తయారు చేస్తాం. మన చెవి చిన్న వాల్యూమ్‌లో బేస్‌ని తక్కువగా వింటుంది, ఇది ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించిన సంగతి. గదిలో బేస్ సరిపోలేదని పెంచుతాం, అదే టోన్ హాల్లో పెద్ద బాక్సుల్లో పడేసరికి గోడలు దడదడలాడతాయి. కాబట్టి లెవెల్స్ సరిచూడాల్సింది రిహార్సల్‌లో, పక్కన తబలా, బేస్ గిటార్ వాయిస్తుండగా, స్టేజ్ వాల్యూమ్‌లో. డిజిటల్‌లో 0 అన్నది పైకప్పు, దానికి తగిలితే శబ్దం చీలిపోతుంది, మిక్సర్ దగ్గర తగ్గించినా ఆ చీలిక పోదు. మీరు ఎంత గట్టిగా వాయించినా మాస్టర్ మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, మామూలుగా మైనస్ 12 దగ్గర ఆడేలా పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

మన ఫంక్షన్ హాళ్లలో సౌండ్ చాలాసార్లు మోనోనే. ఎడమ, కుడి కలిపి ఒకటే లైను. స్టీరియోలో విశాలంగా వినిపించే కొన్ని పియానోలు, కోరస్ ఎఫెక్ట్ వేసిన ప్యాడ్ టోన్లు (వెనకాల నిండుగా సాగేవి) మోనోలో కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడిపోతాయి. ఇంట్లోనే మాస్టర్‌ని మోనో చేసి ఒకసారి వినండి, సగం టోన్లు మార్చుకోవాల్సి రావచ్చు.

ఇప్పుడు మానిటరింగ్. ఈ మాటకి మన దగ్గర "నా బాక్స్‌లో నేను వినిపించాలి" అనే అర్థం ఒక్కటే ఉంది. నిజానికి స్టేజ్ మీద మీరు గమనించాల్సినవి మూడు: మీ చెవిలో ఏముంది, హాల్‌కి ఏం వెళ్తోంది, మిషన్ లోపల ఏం జరుగుతోంది. ఈ మూడూ వేర్వేరు. మీ ఇయర్‌ఫోన్‌లో పియానో అద్భుతంగా వినిపిస్తూ, హాల్‌లో అసలు లేకుండా ఉండొచ్చు, ఎందుకంటే మీరు వింటున్నది ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి, అక్కడి నుంచి మిక్సర్‌కి వెళ్లే కేబుల్ ఊడిపోయి ఉండొచ్చు. అందుకే వీలైతే మిక్సర్ నుంచి ఒక ఆగ్జిలరీ లైను (విడిగా బయటికి ఇచ్చే లైను) వెనక్కి తెచ్చుకుని దాన్నే వినండి, అప్పుడు మీరు వినేది మిక్సర్‌కి చేరిన మీ సౌండే.

నాలుగు అవుట్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్ కొనమని నేను ఎవరికైనా మొహమాటం లేకుండా చెప్తాను. 1, 2 హాల్‌కి, 3, 4 మీ చెవికి. తాళం తప్పకుండా వినే క్లిక్, "వన్ టూ త్రీ ఫోర్" లెక్క, తర్వాతి పాట టోన్ ఒకసారి నొక్కి చూసుకోవడం, ఇవన్నీ 3, 4లోనే తిరుగుతాయి, హాల్‌కి పోవు. రెండే అవుట్‌పుట్లు ఉంటే ఎడమవైపు క్లిక్, కుడివైపు మోనోలో వాయిద్యాలు అనే పాత ఉపాయం ఉంది, పనిచేస్తుంది. కానీ కేబుళ్లు తారుమారైతే హాలంతా టిక్ టిక్ వింటుంది, కేబుల్‌కి రంగు టేపు చుట్టడం మర్చిపోవద్దు.

కేబుళ్ల మాట వచ్చింది కాబట్టి హమ్ గురించి. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే "గూ..." అని 50 హెర్ట్జ్ హోరు, చార్జర్ తీస్తే పోతుంది. చార్జర్ ఒక సాకెట్ నుంచి, మిక్సర్ హాల్ అవతలి చివరి సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటున్నాయి, రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఉంది, ఆ తేడా మీ ఆడియో కేబుల్ గుండా పారుతోంది. దీనికి మందు లాప్‌టాప్ లైనుకీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డీఐ బాక్స్, దాని మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఆడియో కేబుల్‌లో ఎర్త్ దారిని తెంపేది). ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హోరు పోగొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, చెయ్యనివ్వకండి. షామియానా కింద, తడి నేల మీద, జనరేటర్ కరెంటుతో, చేతిలో ఇనప మైకు పట్టుకుని నిలబడే మనిషికి ఆ పిన్నే రక్ష.

మిడి, అంటే కీబోర్డ్ లాప్‌టాప్‌తో మాట్లాడే భాష, దాని విషయంలో తెలుసుకోవాల్సింది, అందులో శబ్దం ఉండదు, కబురు మాత్రమే ఉంటుంది. 1983 నుంచి అదే భాష: ఈ కీ నొక్కారు, ఇంత బలంగా నొక్కారు, వదిలేశారు. "వదిలేశారు" అన్న కబురు దారిలో పోతే నోటు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్యానిక్ అనే బటన్ దీనికే, దాన్ని మౌస్‌తో వెతుక్కునేలా కాకుండా కీబోర్డ్ మీద ఒక ప్యాడ్‌కి కట్టుకోండి. ఒక కీ నొక్కితే రెండు పియానోలు మోగుతున్నాయంటే కీబోర్డ్ సొంత టోన్ కూడా పలుకుతోందని అర్థం, కీబోర్డ్‌లో లోకల్ కంట్రోల్ (కీలు దాని సొంత టోన్‌ని పలికించే సెట్టింగ్) ఆఫ్ చెయ్యాలి.

శ్రుతి మార్చడం మన స్టేజ్‌ల మీద రోజూ జరిగేదే. "అన్నా, గొంతు బాలేదు, అర శ్రుతి దించు" అంటారు, పాట మొదలవడానికి పది సెకన్లుంది. కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. తొందరలో రెండూ నొక్కితే ఒక శ్రుతి దిగిపోతుంది. ఎక్కడో ఒక్కచోటే మార్చాలి, ఆ చోటు సాఫ్ట్‌వేర్ అవ్వాలి. ఎందుకంటే కీబోర్డ్ మీద మారిస్తే కింది కీలకి పెట్టుకున్న తబలా దెబ్బలు కూడా ఒక మెట్టు జరిగిపోతాయి, "ధా" నొక్కితే ఇంకేదో పలుకుతుంది, స్ప్లిట్ (కింది కీలకి ఒక టోన్, పై కీలకి ఇంకో టోన్‌గా విడిపోయే చోటు) కూడా జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో స్ప్లిట్ దాటిన తర్వాత, స్వరాలున్న వాయిద్యాలకి మాత్రమే ట్రాన్స్‌పోజ్ పెడితే ఈ గొడవ ఉండదు.

ఎండాకాలం ముహూర్తాలకి ఆరుబయట వాయించేవాళ్లు లాప్‌టాప్‌ని గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టొద్దు, గాలి రంధ్రాలు మూసుకుంటాయి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, సాయంత్రం రిహార్సల్‌లో బాగున్నది మధ్యాహ్నం రెండింటికి విరుగుతుంది. చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద చాలా మిషన్లు మెల్లబడతాయి. లాప్‌టాప్ కింద పెట్టే స్టాండు పెద్ద ఖరీదేం కాదు.

ఇన్ని చేశాక కూడా ఒకరోజు ఆగిపోతుంది. అందుకే నా కీబోర్డ్ సొంత అవుట్‌పుట్ నుంచి ఇంకో కేబుల్ ఎప్పుడూ మిక్సర్‌కి వెళ్లి ఉంటుంది, లోకల్ ఆన్ చెయ్యడానికి ఏ బటన్లు నొక్కాలో చూడకుండానే వేళ్లకి తెలుసు. ప్రతి సౌండ్ చెక్‌లో, అందరూ వాయిస్తుండగా, కావాలని ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ కేబుల్ పీకుతాను. కొన్ని సాఫ్ట్‌వేర్లు మళ్లీ గుచ్చగానే పట్టుకుంటాయి, కొన్నింట్లో ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ ఎంచుకోవాలి, కొన్ని మూసి తెరిస్తే గానీ లేవవు. నా దాంట్లో లాప్‌టాప్ సౌండ్ తిరిగి రావడానికి 11 సెకన్లు, కీబోర్డ్ సొంత పియానోకి మారడానికి 2 సెకన్లు పడుతుంది. మొదటిసారి పీకినప్పుడు తబలా ఆయన కంగారుపడి ఆగిపోయాడు. ఇప్పుడు నా వైపు చూడకుండానే తాళం పట్టుకుని ఉంటాడు, ఆ రెండు సెకన్లూ పాట ఆయన చేతిలో ఉంటుంది.